మీకు ఏమంటే ఇష్టమండీ?

మా ఇంటికి క్రొత్తవారెవరైనా వస్తే, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాక మేము అడిగే ప్రశ్న ఒకటుంది. "మీకు ఏమంటే ఇష్టమండీ?" అని. చాలామంది తికమకపడతారు. "కాఫీ అయినా సరే, టీ అయినా సరే" అంటారు కొందరు. మేము అడిగింది అది కాదని చెబితే చేస్తున్న ఉద్యోగం చెబుతారు, పొలం ఎన్ని ఎకరాలో చెబుతారు, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారో చెబుతారు. అవన్నీ వినదగినవే. కాని మాకు కావలసింది వేరు. తెల్లవారి లేవగానే, ఎవరూ పురమాయించకుండానే, మీ చెయ్యి దేనిమీదికి పోతుంది? అన్నం చల్లారిపోతున్నా లెక్కచేయకుండా దేన్ని గురించి చెబుతూ కూర్చుంటారు? అది తెలిస్తే మనిషి తెలిసినట్టేనని మా నమ్మకం.

మేమంటే ఇద్దరం, భార్యాభర్తలం. ముప్పై ఏళ్ళకు పైగా కొల్లేటి ప్రక్క ఊళ్ళలో ఉపాధ్యాయులుగా పనిచేసి, దేవుని కృపవలన ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నాం. వ్రాసే చెయ్యి ఒకరిదే అయినా, ప్రక్కన కూర్చుని దిద్దే నోరు రెండవవారిది. అందుచేత "మేము" అని వ్రాయడమే న్యాయం.

ఈ ప్రశ్న అడుగుతూ పోతే మా చిన్న ఊళ్ళోనే ఎందరు బయటపడ్డారో! మా వీధి చివర బట్టలు కుట్టే ఆయనకు హార్మోనియం ప్రాణం. వాయించడం కాదు, బాగుచేయడం. చుట్టుప్రక్కల ఏ సంఘంలో పెట్టె మూగబోయినా మిషను మీద గుడ్డ మిషను మీదే వదిలేసి సైకిలెక్కుతాడు. పండుగ ముందు బట్టలిచ్చినవారు ఆయన్ని తిట్టుకోవడం మేము స్వయంగా విన్నాం, ఒకటి రెండుసార్లు మేమూ తిట్టుకున్నాం. చెరువు గట్టున ఒక విధవరాలికి చేమంతులంటే ఇష్టం. నారు తీసి అడిగినవారికల్లా ఇస్తుంది. "అందరి ఇళ్ళలోనూ పూస్తే నీ పూలు ఎవరు కొంటారు?" అంటే, "కొనకపోతే చూడ్డానికి వస్తారుగా అమ్మా" అంటుంది. మనుషుల్లో మేము మెచ్చుకునే గుణమేదని ఎవరైనా అడిగితే ముందు ఈ గుణమే చెబుతాం. తనకు ఇష్టమైనదాన్ని దాచుకోకుండా పంచిపెట్టడం. ఇష్టం నిజమైనదో కాదో అక్కడ తెలిసిపోతుంది.

ఇక మా సంగతి. మాకు చేతిపని ఏదీ రాదు. ఇలాంటివారిని గురించి చదవడం, బడిలో పిల్లలకూ ఆదివారపు బడిలో చిన్నవారికీ చెప్పడం, అదే మా ఇష్టం. ఇతరుల పిచ్చిని గురించిన పిచ్చి అనవచ్చు. అప్పట్లో మేము ఎక్కువగా చెప్పిన కథలు రెండు. రెండూ పిట్టల కథలే. ఆ రెండూ ఇక్కడ వ్రాయకుండా, అసలు మేము వ్రాయదలచిన సంగతి వ్రాయలేము.

మొదటిది కలివికోడి కథ. కడప ప్రాంతపు ముళ్ళపొదల్లో తిరిగే చిన్న పిట్ట ఇది. కలివి పొదల్లో ఉంటుంది గనుక ఆ పేరు. పగలంతా నక్కి ఉండి రాత్రివేళ నేలమీద పరుగులు తీస్తుంది. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. దీన్ని మొదట కనుగొన్న జెర్డన్ దొర వృత్తికి వైద్యుడు, నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసినవాడు. ఆయన తరువాత అచ్చువేసిన పక్షుల పుస్తకంలో అనేక పిట్టలకు ఇంగ్లీషు పేరుతోపాటు తెలుగు పేరు కూడా వ్రాశాడు. తెలుగు పేరు వ్రాశాడంటే తెలుగువారిని ఎవరినో అడిగి ఉండాలి కదా. పక్షుల పేర్లు ఎరిగినది కచేరీలో గుమస్తాలు కాదు. వలలూ ఉచ్చులూ పట్టుకు తిరిగేవారు. అంత చదువుకున్న మనిషి అంత చదువులేని మనిషి ముందు నిలబడి "దీన్ని మీరేమంటారు?" అని అడగడం ఎంత అందమైన సంగతి! మేము ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి కూడా ఆ పని ఎన్నిసార్లు చేశామో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంబెల్ అనే ఆయన ఈ పిట్టను చూశాడు. ఆయన లండను మిషనరీ సొసైటీ తరఫున కడప ప్రాంతంలో సేవచేసిన మిషనరీ అనీ, జమ్మలమడుగులో వైద్యసేవ చేసిన క్యాంబెల్ డాక్టరుగారు ఆయన తమ్ముడేననీ మేము చాలాకాలం తరువాత చదివి తెలుసుకున్నాం. అన్నదమ్ములిద్దరికీ పురుగులూ సీతాకోకచిలుకలూ సేకరించే అలవాటు కూడా ఉండేదట. ఆ ఎండల్లో, ఆ ప్రయాణాల్లో, ఊరూరా తిరిగే పనుల మధ్య పొదల్లోకి తొంగిచూసే తీరిక ఎక్కడ దొరికిందో! తీరిక దొరకడం కాదు, కళ్ళు అటే పోతాయి. ఇష్టమంటే అదే.

ఆయన తరువాత 86 ఏళ్ళపాటు ఆ పిట్ట శాస్త్రజ్ఞుల కంటబడలేదు. ఇక లేదనే చాలామంది అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు వెదకటానికి మనిషిని పంపారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ ఒక పిట్టను పట్టి తెచ్చాడు. అదే కలివికోడి. పాపం, ఆ పిట్ట బ్రతకలేదు. కాని దాని జాతి బ్రతికే ఉందని లోకానికి తెలిసింది. తరువాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. మేము తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక ప్రశ్నతో ముగించేవాళ్ళం. "86 ఏళ్ళు ఎవరికీ కనబడలేదన్నారు. మరి ఊరివారి నోట దానికి పేరెలా మిగిలింది?" పిల్లలు ఆలోచించి, "ఊరివాళ్ళకి కనబడుతూనే ఉందండీ, వాళ్ళని ఎవరూ అడగలేదు" అనేవారు. శభాష్ అనేవాళ్ళం.

రెండవది సలీం అలీగారి కథ. ఆయన 1987 జూన్‌లో కన్నుమూశారు. పేపర్లో చదివి మరునాడే తరగతిలో చెప్పాం. బొంబాయిలో తల్లీదండ్రీ లేని పిల్లవాడు మేనమామ ఇంట్లో పెరుగుతూ గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుమీద పసుపు మచ్చ ఉంది. ఇలాంటిదాన్ని ఎప్పుడూ చూడలేదే అని మేనమామకు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. "పిట్టలతో ఆటలేమిటి, పో, చదువుకో" అనకుండా, ఆ సొసైటీకే పంపాడు. అక్కడ మిల్లార్డ్ అనే దొర, పెద్ద పదవిలో ఉన్నవాడు, ఆ పిల్లవాణ్ణి ఎదురుగా పెట్టుకుని అది ఏ పిచ్చుకో చెప్పి, సొరుగులు ఒక్కొక్కటే లాగి వందలకొద్దీ పిట్టలను చూపించాడు. చదువుకోమని పుస్తకాలిచ్చాడు. ఆ పిల్లవాడే పెద్దయి 1941లో భారతదేశపు పక్షుల పుస్తకం వ్రాశాడు, 1976లో పద్మవిభూషణ్ అందుకున్నాడు. ఈ కథలో మాకు ఎక్కువ ఇష్టమైన మనిషి సలీం అలీగారు కాదు, మిల్లార్డ్ దొర. పిల్లవాడు గుమ్మంలో నిలబడితే పని ప్రక్కన పెట్టి సొరుగు లాగినవాడు. ఆదివారపు బడిలో కూడా ఆయన్ని గురించి గొంతు గద్గదమయ్యేలా చెప్పాం. పిచ్చుకను గురించిన మాట సువార్తలో ఉండనే ఉంది గనుక కథ బాగా అతికింది.

ఆ తరగతిలో మూడవ బెంచీలో మా చిన్నవాడు కూర్చుని విన్నాడు. అప్పుడు వాడికి పదమూడేళ్ళు.

ఆ వానకాలం నుంచే మొదలైంది. సెలవు దొరికితే కొల్లేటి మీదే. మా ఊళ్ళో చేపలుపట్టే వృద్ధుడొకడు ఉండేవాడు. అక్షరం ముక్క రాదు. కాని తాటిదోనె మీద నిలబడి కళ్ళు మూసుకుని కూతను బట్టి ఏ పిట్టో, ఎంత దూరమో చెప్పేవాడట. నీరు పెరుగుతుందో తీస్తుందో పిట్టల వాలకాన్ని బట్టే పసిగట్టేవాడట. "ట" అని ఎందుకు వ్రాస్తున్నామంటే, మేము ఏనాడూ వెళ్ళి వినలేదు. మావాడు "తాతా" అంటూ ఆయన వెంట తిరిగేవాడు. ఊళ్ళో కొందరు "పంతుళ్ళ అబ్బాయి దోనెలు నడుపుకుంటున్నాడేమిటి?" అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకుంది.

వాడి దగ్గర రెండువందల పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి ఉండేది. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకున్నాడు. మేము ఒకసారి తెరిచి చూశాం. తేదీ, చోటు, గాలి ఎటునుంచి, పిట్ట పేరు, ఎన్ని ఉన్నాయి అని గడులు గీసి నింపాడు. నీటికోళ్ళు, లకుముకి, తీతువు, రకరకాల బాతులు, కొంగలు. తాత చెప్పిన పేర్లు చెప్పినట్టే వ్రాసుకున్నాడు. అనేక గడుల్లో ఒకటే మాట కనబడింది, "తెలియదు" అని. అది చూసి మేమిద్దరం నవ్వుకున్నాం. "ఇన్ని తెలియదులు వ్రాయడానికి పుస్తకమెందుకురా?" అన్నాం. వాడు ముఖం ఎర్రగా చేసుకుని పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. "తెలియదు" అని ఒప్పుకునే మనిషంటే మాకు గౌరవమని వేదిక మీద చెబుతూ ఉంటాం. ఇంట్లో కనబడితే గుర్తుపట్టలేదు.

1989 వేసవిలో తొమ్మిదవ తరగతి మార్కులు వచ్చాయి. లెక్కల్లో గట్టెక్కాడు, అంతే. ఇద్దరు పంతుళ్ళ బిడ్డకు ఇవేం మార్కులని తోటి ఉపాధ్యాయులు అడిగితే తలెత్తుకోలేకపోయాం. ఆ రోజుల్లో పాత పేపర్లకు, పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే బండి వీధిలోకి వచ్చేది. మాలో ఒకరు అటక మీద పేపర్లు దింపారు. మాలో ఒకరు ఆ పుస్తకాన్ని కూడా తెచ్చి వాటిలో పెట్టారు. ఎవరు ఏది చేశామో ఇక్కడ వ్రాయం. ఇన్నేళ్ళుగా ఇద్దరం కలిసి మోసినవాటిలో అదీ ఒకటి. తక్కెడలో తూచి రెండు కిలోలన్నాడు బండివాడు. ఉల్లిపాయలిచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో ఉల్లిపాయల పులుసే.

వాడు భోజనం చేసి లేచి పుస్తకం కోసం వెదికాడు. మేము "పాత పేపర్లలో పోయింది, పదవ తరగతి సంగతి చూసుకో" అన్నాం. వాడు ఏమీ అనలేదు. ఏడవలేదు. మరునాడు తెల్లవారకముందే సైకిలు తీసుకుని పోయి చీకటిపడ్డాక తిరిగి వచ్చాడు. ఆలస్యమైనందుకు తిట్టాం. బండివాణ్ణి వెదుక్కుంటూ కైకలూరు దాకా వెళ్ళాడనీ, అక్కడ కొట్లలో కాగితపు పొట్లాలు కూడా విప్పి చూశాడనీ ఊళ్ళోవారు తరువాత చెప్పారు. ఆ తరువాత వాడు కొల్లేటి మీదికి వెళ్ళడం మానేశాడు. మేము సంతోషించాం. వాడు దారిలో పడ్డాడని కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించాం. అయ్యగారికి కారణం పూర్తిగా చెప్పలేదు.

వాడు పాలిటెక్నిక్ చదివి విద్యుత్ శాఖలో చేరాడు. మంచి కొడుకు. నెలనెలా డబ్బు పంపుతాడు, ఆరోగ్యం అడుగుతాడు. మీకు ఏమంటే ఇష్టమండీ అని ఊరందరినీ అడిగే మేము వాణ్ణి మాత్రం అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని.

ఈ మధ్యకాలంలో కొల్లేరు ఎంత మారిందో మా ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. ఆ ఎనభైలలో, తొంభైలలో చేపల చెరువులు సరస్సులోపలి దాకా వచ్చేశాయి. 1999లో ప్రభుత్వం దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయంగా గుర్తింపు వచ్చింది. 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. దానిమీద ఊళ్ళలో ఇప్పటికీ రెండు రకాల మాటలున్నాయి, రెండింటిలోనూ కన్నీళ్ళున్నాయి. ఆ వాదంలోకి మేము పోము. కాని ఆ గొడవలన్నిటిలోనూ పెద్దలు ఒకరినొకరు అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. "అంతకుముందు ఏ పిట్టలు, ఎన్ని ఉండేవి?" అని. ఆ మాట విన్నప్పుడల్లా మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉండటానికి ప్రయత్నించేవాళ్ళం.

మొన్న క్రిస్మసు సెలవులకు మా చిన్నవాడి కుటుంబం వచ్చింది. మనుమరాలు ఆటపాక చూడాలని పట్టుబట్టింది. అందరం వెళ్ళాం. చూడనివారికి చెబుతున్నాం, శీతకాలంలో అది చూడవలసిన చోటు. చెట్లమీదా, అటవీశాఖవారు నీళ్ళలో నిలబెట్టిన ఇనుప మంచెలమీదా గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. సంచిలాంటి పెద్ద ముక్కులు, బరువైన శరీరాలు. నేలమీద నడక చూస్తే నవ్వొస్తుంది, గాలిలోకి లేస్తే నోరు మూతపడదు. పడవలో వెళుతుండగా మనుమరాలు "అదేమిటి? ఇదేమిటి?" అని అడగడం మొదలుపెట్టింది. మావాడు ఒక్కొక్కటే చెప్పాడు. పుస్తకాల్లో ఉండే పేర్లు కావు, దోనె మీది తాత చెప్పిన పేర్లు. కంటికి కనబడనివాటిని కూతను బట్టి చెప్పాడు. పడవ నడిపే కుర్రవాడు తెడ్డు ఆపి, "సారు అటవీశాఖవారా?" అన్నాడు. "కాదు, ఈ ప్రక్క ఊరివాణ్ణే" అన్నాడు మావాడు.

"నాన్నా, నీకివన్నీ ఎలా తెలుసు?" అని అడిగింది మనుమరాలు.

"చిన్నప్పుడు ఒక పుస్తకం ఉండేదిలే" అన్నాడు, నీళ్ళవైపు చూస్తూ.

ఆ రాత్రి భోజనాలయ్యాక మేము ఇద్దరం వాడి ఎదురుగా కూర్చున్నాం. క్షమించమని అడగడం ఎలాగో సంఘంలో ఎందరికో చెప్పినవాళ్ళం, మాటలు రాలేదు. చివరికి అరకొరగా ఏదో అన్నాం. వాడు కాసేపు ఊరుకుని, "ఆ రోజు పులుసు బాగానే కుదిరిందిలే అమ్మా" అని నవ్వాడు. తరువాత లేచి బయట అరుగు మీదికి వెళ్ళి చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. మేము పిలవలేదు.

మరునాడు మనుమరాలు కొట్టుకు వెళ్ళి రూళ్ళ పుస్తకం ఒకటి కొని తెచ్చింది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. 1987 నుంచి గుర్తున్నంతవరకు వాడు చెప్పడం, ఆ పిల్ల గడులు గీసి వ్రాయడం. రెండు రోజులు కూర్చుంటే ఒకటిన్నర పేజీ అయింది. మూడు తేదీలు మాత్రం కచ్చితంగా చెప్పగలిగాడు. ఒకటి సంక్రాంతి ముందురోజు గనుక, ఒకటి తన పుట్టినరోజు గనుక, ఒకటి తుపాను వెలసిన మరునాడు గనుక. తాత తన చిన్నతనంలో చెట్లనిండా చూసిన గూడబాతులు ఆ రోజుల్లో అరుదైపోయాయి. ఒకనాటి సాయంత్రం మాత్రం ఒక గుంపు వాళ్ళ దోనెమీదుగా ఎగిరిపోయిందట. తాత తెడ్డు వదిలేసి లేచి నిలబడ్డాడట. ఎన్ని ఉన్నాయో ఆనాడు లెక్కపెట్టి వ్రాసుకున్నాడు. ఇప్పుడు గుర్తులేదు. "పదో పన్నెండో, ఉజ్జాయింపుగా వేసెయ్యరాదా?" అన్నాం మేము. వాడు తల అడ్డంగా ఆడించి, "తెలియదు అని వ్రాయమ్మా" అన్నాడు కూతురితో.

పేజీ చివర చూపించినవారి పేరు అని ఒక గడి గీశారు. తాత పేరు వ్రాయించాడు. దాని ప్రక్కన, ఆయన ఏ సంవత్సరంలో పోయాడు నాన్నా, అని మావైపు తిరిగి అడిగాడు. ఒకే ఊళ్ళో ఉన్నాం. రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఆ గడిలో కూడా మనుమరాలు అదే మాట వ్రాసింది.